వెలుగు లక్క

పైడితల్లి పనిచేసే గదిలో ఎప్పుడూ ఎర్రదీపమే వెలిగేది. బయట విశాఖపట్నం ఎండలో మాడిపోతున్నా, సముద్రం మీంచి వాన విరుచుకుపడుతున్నా ఆ గదికి పట్టేది కాదు. తలుపు తీసుకుని లోపలికి అడుగుపెడితే లోకమంతా కుంకుమ నీళ్ళలో ముంచి తీసినట్టుండేది. ఎర్ర సిరాతో రాసింది ఆ వెలుగులో కంటికి ఆనదు. కొత్తగా చేరినవాళ్ళు తెలియక ఎర్ర పెన్ను పట్టుకొచ్చి, రాసింది రాసినట్టే మాయమైపోతోందని కంగారుపడుతుంటే చూసి నవ్వుకోవడం అక్కడి పాతవాళ్ళకున్న ఏకైక వినోదం. పదకొండేళ్ళ కిందట పైడితల్లి కూడా అలా నవ్వులపాలైనదే. ఇప్పుడామెకు నలభై ఏళ్ళు. ఇంట్లో పెళ్ళి మాట వచ్చినప్పుడల్లా ల్యాబ్‌లో దీపం వెలుగుతోంది, వెళ్ళాలి అని తప్పించుకుంటూ ఇంతదాకా వచ్చింది.

ఆ ఎర్రదనమంతా ఒక బిళ్ళ కోసం. పట్టుకుంటే గులకరాయంత గట్టిగా ఉండేది. పగటి వెలుగు చూపించకూడదు కాబట్టి దాని అసలు రంగేమిటో తీరిగ్గా చూసినవాళ్ళు లేరు. పైడి దాని మీద సన్నటి నీలి వెలుగు పడేసేది. మూడుసార్లు ఊపిరి పీల్చి వదిలేంతలో బిళ్ళ మెత్తబడేది. వేడి లేదు, పొగ లేదు, ముట్టుకుంటే చల్లగానే ఉండేది. కానీ వేలు పెడితే చలిమిడిలో దిగినట్టు దిగిపోయేది. వెలుగు ఆపేసి ఇరవై అంకెలు లెక్కపెట్టేసరికి వేలిముద్రతో సహా మళ్ళీ రాయి అయిపోయేది.

ఇందులో మంత్రమేమీ లేదు. ఆ పదార్థంలోని అణువులు పుల్లల్లా నిటారుగా వరసకట్టి ఉంటాయి, గట్టితనం అందువల్లే. నీలి వెలుగు తగలగానే ప్రతి పుల్లా మోచేతి దగ్గర మడిచిన చెయ్యిలా వంగుతుంది, వరసలు చెదిరిపోతాయి. వెలుగు పోతే పుల్లలు మళ్ళీ సాగుతాయి. విరిగిన మణికట్టుకు పిండికట్టు బదులు దీన్ని గొట్టంలా తొడిగి, ఎండ చూపించి, ఒంటికి అమరాక నీడలోకి తీసుకురావాలని ల్యాబ్ పెద్ద సోమయాజులు గారి కల. చిక్కల్లా ఒక్కటే. మెత్తబడ్డ గొట్టానికి ఎటు వంగాలో తెలిసేది కాదు. తోచినవైపు వాలిపోయి, వాలినచోటే గట్టిపడి మొండికేసేది.

ఢిల్లీ నుంచి నిపుణుల బృందం వస్తోందని తెలిసిన రోజున సోమయాజులు గారు కొత్తగా పోతపోసిన ఏడు గొట్టాలనూ తిప్పి తిప్పి చూశారు. పనితనం తర్వాత సంగతి, ముందు చూపుకి మెరవాలి కదమ్మా, ఇవేమిటి బూడిద రాసుకున్నట్టున్నాయి అని నిట్టూర్చారు. మెరుపు అనగానే పైడికి గుర్తొచ్చేది ఒక్క మనిషే. ఆదివారంనాడు ఏడు గొట్టాలనూ నల్లగుడ్డలో చుట్టుకుని, వరాహ నది ఒడ్డున లక్క బొమ్మలు చేసే తన ఊరికి బస్సెక్కింది.

ఆమె అన్నయ్య కూర్మారావు లేతు ముందు కూర్చుంటే పక్కన పిడుగుపడ్డా లేవడని ఊళ్ళో పేరు. అంకుడు కర్రను తిప్పుతూ ఉలితో చెక్కి, రంగు కలిపిన లక్క అద్ది, మొగలి ఆకుతో రుద్ది మెరుపు తెప్పించడం తండ్రి దగ్గర నేర్చిన విద్య. తండ్రి పోయినప్పుడు అతనికి పదిహేనేళ్ళు, పైడికి నాలుగు. ఆనాటి నుంచీ చెల్లెల్ని లేతు దాపులకు రానివ్వలేదు. చదువుకునే చేతికి లక్క అంటితే వదలదు అనేవాడు. అది ముద్దో శిక్షో పైడికి చిన్నప్పుడు అర్థమయ్యేది కాదు. గుమ్మంలో కూర్చుని అన్నయ్య చేతులు చూస్తూ ఎక్కాలు వల్లించుకునేది.

గొట్టాలకు వెలుగు తగలకూడదని చెబితే కూర్మారావు కిటికీలు మూసి, బల్బుకు వినాయక చవితి పందిట్లో మిగిలిన ఎర్ర కాగితం చుట్టాడు. లక్క వద్దు, ఉత్త ఆకుతో రుద్దితే చాలు అనేసరికి ఎగాదిగా చూశాడు.

"లక్క లేకుండా ఆకు ఏటి సేస్తాదే? సర్లే, నీ సదువు నీది."

ఆ ఇంట్లో మొగలి ఆకుకు ఒక కట్టుబాటుంది. ముళ్ళు తీసి ఎండబెట్టిన ఆకును బొమ్మ మొదలు నుంచి చివరికే నడపాలి. వెనక్కి రానివ్వకూడదు. పట్టుకున్నచోట బిగువు, నడిమిన సడలింపు, చివరికి వచ్చేసరికి చిన్న ఆగడం. మిగతా ఇళ్ళలో రెండువైపులా రుద్దేస్తారు, పని తొందరగా తెములుతుందని. కూర్మారావు మాత్రం తండ్రి చూపిన దారి తప్పలేదు. ఇంకో అలవాటు కూడా ఉంది. పూర్తయిన బొమ్మను దించే ముందు రెండు వేళ్ళతో రెండుసార్లు తట్టి "ఎల్లిరా" అంటారు. ఏ ఊళ్ళో ఏ పిల్లల చేతుల్లోకి పోతుందో, మళ్ళీ కంటపడేది లేదు కదా. దెబ్బతిన్న బొమ్మను తట్టరు, అది ఇంట్లోనే ఉండిపోతుంది. ఆ రోజు కూర్మారావు ఆరు గొట్టాలను తట్టాడు. ఏడోదాన్ని దించబోతుంటే పక్కనున్న ఉలి మొన తగిలి సన్నటి గీత పడింది. దాన్ని తట్టకుండా పక్కనపెట్టి, వచ్చే వారం సరిచేసి ఇస్తానన్నాడు. పైడి ఆరింటినే చుట్టుకుని సాయంత్రం బస్సుకు వెళ్ళిపోయింది.

మర్నాడు నీలి వెలుగు కింద పెట్టిన మొదటి గొట్టం వాలిపోలేదు. కదిలింది. మొదలు దగ్గర బిగుసుకుని, నడుము సడలించి, మెల్లగా మెలికపడుతూ ఒక పక్కకు సాగి, చివర్లో కాస్త ఆగింది. ఆగాక రెండుసార్లు చిన్నగా ఉలిక్కిపడి నిశ్చలమైంది. దీపం ఆపి నీడలో ఉంచితే మళ్ళీ మొదటి రూపానికి వచ్చేసింది. పైడి ఎంతసేపు అలా చూస్తూ నిలబడిందో ఆమెకే తెలియదు. ఆ ఎర్రటి మసకలో బల్ల మీద ఒక గొట్టం కాక ఒక చెయ్యి పనిచేసుకుంటున్నట్టుంది. ఆ చెయ్యి ఎవరిదో ఆమె ఎక్కాలు చదివినన్నాళ్ళూ చూసింది.

సంగతి తెలియడానికి వారం కూడా పట్టలేదు. ఆకు నడిచిన దారినే పుల్లలన్నీ ఒరిగాయి. బిగువున్నచోట ఒత్తుగా, సడలినచోట పలచగా. వెలుగు పడితే ఇప్పుడవి తోచినట్టు చెదరవు, ఆ దారినే వంగుతాయి. ఆకు ఎప్పుడూ వెనక్కి రాలేదు కాబట్టి దారి చెరిగిపోలేదు. సోమయాజులు గారు పంచె కట్టుకున్న మనిషైతే ఎగ్గట్టి గంతేసేవారే. విరిగిన చెయ్యి మాట మరిచిపోయి, పడిపోయిన చెయ్యి గురించి మాట్లాడటం మొదలుపెట్టారు. పక్షవాతం వచ్చినవాళ్ళ మణికట్టుకు దీన్ని తొడిగి ఎండలో కూర్చోబెడితే చాలు, పని తెలిసిన చెయ్యి ఒకటి పని మరిచిన చేతిని పట్టుకుని నడిపిస్తుంది. గొట్టం కదలికను యంత్రం గీసిచ్చే గీతల కాగితం మీద చివర్న కనిపించే రెండు ముడులు మాత్రం ఆయనకు నచ్చలేదు. అదేదో దోషం, తీసేయాలి అన్నారు. పైడి తల వంచుకుని నవ్వుకుంది. ఆదివారం వెళ్ళి అన్నయ్యకు చెప్పాలి, నీ 'ఎల్లిరా'ని మా ల్యాబ్ పెద్ద దోషం అనుకుంటున్నారని.

సంబరంలో ఎవరూ లెక్క చూసుకోలేదు. ఢిల్లీ బృందంతో సహా వచ్చినవాళ్ళకల్లా చూపించారు, చూసినవాళ్ళు ఇంకోసారి అన్నారు. వంగిన ప్రతిసారీ కొన్ని పుల్లలు తమ వరస మరిచిపోతాయని, నలభైసార్లు దాటితే అన్నీ మరిచిపోతాయని తెలిసేసరికి అయిదు గొట్టాలు ఉత్త గొట్టాలైపోయాయి. శుక్రవారం మధ్యాహ్నం పైడి ఒక్కతే గదిలో కూర్చుని ఆరోదాన్ని చూస్తోంది. కొలతలు తీసుకుంటున్నానని పుస్తకంలో రాసింది కానీ నిజానికి ఊరికే చూస్తోంది. దాని కదలిక ప్రతిసారికీ పలచబడుతోంది. నిద్రలోకి జారుకునేవాడి మాటలా చివరికి మాసిపోయింది. ఆమె లేచి బయటికి వచ్చింది.

ఫోను తెర వెలుగు కూడా గొట్టాలకు పడదు కాబట్టి అందరి ఫోన్లూ బయట ఇనప బీరువాలో ఉండాలని అక్కడ నియమం. పైడి తన ఫోను తీసి చూసుకుంది. వదిన నూకరత్నం పద్నాలుగుసార్లు చేసింది.

కూర్మారావు లేతు ముందే ఒరిగిపోయాడట. కుడి పక్కంతా పడిపోయింది, మాట పోయింది. ఏ ఆస్పత్రికి తీసుకెళ్ళాలన్నది పైడి చెప్పాలని ఆ ఇంట్లో ఏనాటినుంచో అలవాటు. జ్వరం మాత్ర దగ్గర్నుంచి ఆమెను అడిగే వేసుకునేవారు. అందుకని నూకరత్నం ఆటోను వాకిట్లో నిలబెట్టుకుని, పైడి ఎత్తుతుంది ఎత్తుతుంది అని రెండు గంటలు ఫోను చేస్తూ కూర్చుంది. ఆ రెండు గంటలే ముఖ్యమైనవని తర్వాత డాక్టర్లు చెప్పారు. ఇక్కడ ఆ చెయ్యి ఆడుతుంటే తను చూస్తూ కూర్చున్న వేళలోనే అక్కడ ఆ చెయ్యి పడిపోయిందని పైడికి తెలుసు. ఈ మాట ఆమె ఎవరితోనూ అనలేదు.

నెలలు గడిచాయి. కూర్మారావుకు మాట కొంచెం కొంచెంగా తిరిగొచ్చింది కానీ చెయ్యి రాలేదు. అరుగు మీద కుర్చీలో కూర్చుని, ఒళ్ళో పెట్టిన కుడిచేతిని ఎవరో మరిచిపోయి వదిలేసిన వస్తువులా చూసుకునేవాడు. ల్యాబ్‌లో కొత్త గొట్టాలు పోతపోస్తూనే ఉన్నారు. మొగలి ఆకును లాగే యంత్రం ఒకటి చేయించారు. ఆ గొట్టాలు తలుపు బందులా ఒక్కవైపు వంగి ఊరుకునేవి. ఊళ్ళోంచి వేరే పనివాళ్ళను పిలిపించి రుద్దించారు. వాళ్ళు రెండువైపులా రుద్దే అలవాటున్నవాళ్ళు. గొట్టం ఎటు పోవాలో తెలియక ఉన్నచోటే వణికేది. ఒకవైపే రుద్దండి అంటే చెయ్యి బిగుసుకుపోయి గొట్టమూ అలాగే బిగుసుకునేది.

అలాంటి ఒక ఆదివారం నూకరత్నం బియ్యం డబ్బాలో చెయ్యిపెట్టి, నల్లగుడ్డ మూట ఒకటి బయటికి తీసింది. వెలుగు తగలకూడదన్నావు కదాని ఇందులో దాచాను, దీన్నేం చెయ్యాలి అని అడిగింది. గీత పడ్డ ఏడో గొట్టం. పైడి దాన్ని మూటలోంచి తీయకుండానే రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు నేల మీద కూర్చుండిపోయింది.

దాచడం చేతకాని మనిషి కాబట్టి సోమవారమే సోమయాజులు గారికి చెప్పేసింది. ఆయన ముఖం వెలిగిపోయింది. దాన్ని సన్నటి పొరలుగా కోసి మైక్రోస్కోప్ కింద పెడదాం, ఏ పుల్ల ఎటు ఒరిగిందో లెక్క తేలితే యంత్రానికి నేర్పొచ్చు అన్నారు. అది అన్నయ్య చేతికి తొడగాలనుకుంటున్నాను అని పైడి అంది. ఆయన కోప్పడలేదు. కోప్పడితే ఆమెకు తేలికగా ఉండేది.

"మీ అన్నయ్య ఒక్కడమ్మా. ఆస్పత్రిలో ఆ వార్డుకి ఎప్పుడైనా వెళ్ళి చూశావా? మంచం ఖాళీ ఉండదు. ఆ గొట్టం పోత ల్యాబ్‌ది, రుద్దింది ఆయన. ఎవరిదో నేను తేల్చలేను. నెలాఖరుకి నువ్వే తేల్చి పట్టుకురా."

పైడి ఆ మాటలన్నీ ఉన్నవి ఉన్నట్టు అన్నయ్యకు చెప్పింది. తొడిగితే నలభైసార్లు నడుస్తుంది, ఆ తర్వాత ఉత్త గొట్టం. కోస్తే లెక్క తేలొచ్చు, తేలకపోవచ్చు, తేలకపోతే రెండూ పోతాయి. కూర్మారావు నది వైపు తల తిప్పాడు.

"సెయ్యిని కోసి సూస్తే... సెయ్యి దొరుకుద్దేటి?" అన్నాడు. తర్వాత ఎడంచేత్తో తన కుడిచేతిని ఎత్తి ఆమె ముందు పెట్టాడు.

అలా మొదలైంది. పైడి సెలవు పెట్టి ఊళ్ళోనే ఉండిపోయింది. రోజూ పొద్దున్న ఎండ వేపచెట్టు దాటి అరుగెక్కే వేళకు కూర్మారావు కుర్చీలో సిద్ధంగా ఉండేవాడు. గొట్టాన్ని అరచేతి నుంచి మణికట్టు పైదాకా తొడిగి, నల్లగుడ్డ తీసేవారు. ఆ ఎండలో పైడి మొదటిసారిగా దాని రంగు చూసింది. నారింజకూ తేనెకూ మధ్య ఏదో రంగు, లోపలెక్కడో దీపం పెట్టినట్టు. గొట్టం మెత్తబడి ఒళ్ళు విరుచుకునేది. మణికట్టు బిగిసేది, సడలేది, గాలిలో కనిపించని ఆకును పట్టుకుని మొదలు నుంచి చివరికి నడిపేది. చివర్న ఆగేది. తట్టడం ఉండేది కాదు, ఇది తట్టని గొట్టం కదా. వేళ్ళు బయటే వేలాడుతూ చెయ్యి ఎటు పోతే అటు పోయేవి. కూర్మారావు తన చేతిని తనే దూరం నుంచి చూసేవాడు. మొదటిరోజు అతని కళ్ళలోంచి నీళ్ళు కారిపోతున్నా తుడుచుకోలేదు. తుడుచుకుంటే ఆ కాసేపూ చూడటం తప్పిపోతుందనుకున్నాడు గాబోలు. ఆట ఆగగానే నూకరత్నం గుడ్డ కప్పేసేది, వెలుగు వృథా పోకుండా.

పంతొమ్మిదో రోజున, గుడ్డ కప్పేశాక, చూపుడువేలు కొస కదిలింది. ముగ్గురూ చూశారు. మాట్లాడితే బెదిరిపోతుందేమో అన్నట్టు నూకరత్నం ఊపిరి కూడా బిగబట్టింది. ఆ పూట ఆమె పాయసం వండింది.

ఇరవై ఒకటో రోజున కూర్మారావు చెయ్యి ఇవ్వలేదు. ఎడంచేత్తో గొట్టాన్ని గుడ్డతో సహా పైడి ఒళ్ళోకి తోశాడు. తొడుక్కో అని సైగ చేశాడు. ఆమెకు అర్థమై వద్దంటూ వెనక్కి జరిగింది. అతను మళ్ళీ తోశాడు. అప్పుడు నూకరత్నం వంటింటి గుమ్మంలోంచి ముందుకొచ్చింది. ఆమె గొంతు పెంచి మాట్లాడటం పైడి ఎన్నడూ వినలేదు, ఇప్పుడూ పెంచలేదు.

"ఇప్పుడిప్పుడే వేలు కదిలింది పైడమ్మా. నీ సదువుకి ఆయన వయసిచ్చీసినాడు, నానేటీ అన్లేదు. ఆ రోజు పద్నాలుగుసార్లు ఫోను సేసినాను, నువ్వెత్తలేదు, అప్పుడూ నానేటీ అన్లేదు. ఇప్పుడు మిగిలిన సెయ్యి కూడా నీకేనా?"

ఉన్న ఒక్క నిజమూ వదిన చెప్పేసింది. ఇన్ని నెలలుగా ఆ మాట ఎవరైనా అంటే బావుణ్ణని పైడి ఎదురుచూసింది కూడా. ఆమె వెళ్ళి వదిన పాదాల దగ్గర కూర్చుని ఏడ్చింది. నూకరత్నం ఆమెను లేవనెత్తనూ లేదు, కాళ్ళు వెనక్కి తీసుకోనూ లేదు. కాసేపటికి తనూ పక్కనే చతికిలబడింది. ఇద్దరి ఏడుపూ కాస్త తగ్గేదాకా కూర్మారావు ఓపిగ్గా కూర్చున్నాడు, లక్క ఆరేదాకా కూర్చున్నట్టు.

"రత్నం," అన్నాడు. మాటలు ఒక్కొక్కటే వెతుక్కుంటూ తెచ్చాడు. "ఇది అరిగిపోద్ది... నా మీదయినా, దాని మీదయినా. నా మీద అరిగితే... నాతో సరి. దాని సెయ్యి నేర్సుకుంటే... ఇంకోటి సేస్తాది. నాకే సేస్తాది."

నూకరత్నం కొంగుతో ముఖం తుడుచుకుని లోపలికి వెళ్ళిపోయింది. మిగిలిన ఇరవై పొద్దులూ గొట్టం పైడి చేతికే తొడిగారు.

ఎండ తగలగానే మణికట్టు చుట్టూ ఆ చల్లటి మెత్తదనం కదలడం మొదలయ్యేది. ముప్ఫై ఆరేళ్ళు గుమ్మంలోంచి మాత్రమే చూసిన చెయ్యి ఇప్పుడు ఆమె చేతిని పట్టుకుంది. బిగువంటే ఇంతేనా అని ఆశ్చర్యపోయింది పైడి. తను బలం అనుకున్నదల్లా నిజానికి ఆపుకోవడం. సడలింపు అనుకున్నచోట అన్నయ్య చెయ్యి పూర్తిగా వదిలేసేది కాదు, ఆకు తన బరువుతో తను పోయేలా దారిచ్చేది. ఆమె సాయం చెయ్యబోతే గొట్టం అడ్డుపడేది. ఊరికే ఉంటే నడిపించేది. కళ్ళు మూసుకుంటే తను నాలుగేళ్ళ పిల్ల, అన్నయ్య పదిహేనేళ్ళవాడు, పలక మీద అక్షరం దిద్దిస్తున్నాడు. అప్పట్లో అతను అలా దిద్దించినవాడే. కుర్చీలో కూర్చున్న కూర్మారావు ఆమె మోచేతి వైపే చూస్తూ అప్పుడప్పుడు ఒక్క మాట అనేవాడు. భుజం దించు. ఆకు ఎనక్కి రాకూడదు. రోజురోజుకీ గొట్టం పట్టు పలచబడింది. అది వదిలేసినచోట ఆమె చెయ్యి నడవడం మొదలుపెట్టింది. ఆఖరిరోజున నడిపింది గొట్టమో తనో పైడి చెప్పలేకపోయింది.

ఉత్తదైపోయిన గొట్టాన్ని ఆమె సోమయాజులు గారి బల్ల మీద పెట్టి జరిగింది చెప్పింది. మర్నాడు దాన్ని కోయించి చూశారు, ఏమీ లేదు. పైడి కొత్త గొట్టాలు రెండు అడిగింది. ఇస్తూ ఆయన, ఇవి కూడా పోతే ఈ పనికి తెరదించక తప్పదమ్మా అన్నారు. అది బెదిరింపు కాదు, ఉన్నమాటే.

ఊళ్ళో లేతు గదికి మళ్ళీ కిటికీలు మూశారు. బల్బుకు ఎర్ర కాగితం చుట్టారు. నూకరత్నం మొగలి ఆకులు ముళ్ళు తీసి, ఎండబెట్టి, ఎవరూ అడక్కుండానే తెచ్చి పైడి పక్కన పెట్టింది. పెడుతూ, వేళ్ళు కోసుకోకు అని మాత్రం అంది. మొదటి గొట్టం మీద పైడి చెయ్యి ఒకచోట తడబడి ఆకు వెనక్కి జారింది. కూర్మారావు కళ్ళతోనే తీసెయ్యమన్నాడు. మిగిలింది ఒక్కటే. పైడి లేతు ఆపి, మంచినీళ్ళు తాగి, మళ్ళీ కూర్చుంది. భుజం దించింది. మొదలు, నడుము, చివర. ఎర్రటి మసకలో గొట్టం గిర్రున తిరుగుతుంటే గదిలో ఆకు చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. ఎంతసేపయిందో తెలియదు. గొట్టం మీద అన్నయ్య ముఖం మసగ్గా మెరిసేసరికి ఆమె ఆపేసింది.

తట్టలేదు. తట్టడానికి రెండు వేళ్ళు ముందుకు చాపి, మళ్ళీ వెనక్కి తీసుకుంది. తట్టి పంపించేయడానికి తనకు మనసు రాలేదు. అదీకాక ఆ మాట అనే హక్కు ఆ ఇంట్లో ఒక్కడిదే. గొట్టాన్ని లేతు మీంచి దించి అన్నయ్య ఒళ్ళో, కుడిచేతి పక్కన పెట్టింది.

"నువ్వే సెప్పు అన్నియ్యా," అంది.

కూర్మారావు ఎడంచెయ్యి ఎత్తాడు. ఎత్తినవాడు మధ్యలో ఆగి దించేశాడు. కుడిచేతి వైపు చూసుకున్నాడు. గది గదంతా వేచి ఉంది. ముందు మణికట్టు వణికింది. తర్వాత చూపుడువేలు, దాని వెంట నడిమివేలు, నిద్రలేస్తున్న పిల్లల్లా బద్ధకంగా ఒళ్ళోంచి పైకి లేచాయి. లేచి, గొట్టం మీద పడ్డాయి. చాలాసేపు తర్వాత ఇంకోసారి లేచి, ఇంకా మెల్లగా పడ్డాయి.

"ఎల్లిరా," అన్నాడు కూర్మారావు.

నూకరత్నం గోడకు ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చుంది.

ఆ గొట్టాన్ని కూర్మారావు తన చేతికి తొడిగించుకోలేదు. తట్టి పంపినది ఇంట్లో ఉండకూడదని పట్టుబట్టాడు, తనకు తర్వాత ఇంకోటి చేద్దువుగాని అన్నాడు. ల్యాబ్‌లో నీలి వెలుగు కింద అది నడిచింది. అన్నయ్య నడకే, చెల్లెలి చేతిలో కొంచెం నెమ్మదించి. గీతల కాగితం చివర్న రెండు ముడులు వచ్చాయి, మొదటిది పెద్దది, రెండోది చిన్నది, రెంటి మధ్యా బోలెడంత దూరం. సోమయాజులు గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, ఈ దోషాన్ని అలాగే ఉంచుదాం అన్నారు.

ఆస్పత్రి వార్డులో దాన్ని మొదట తొడిగింది తాయారమ్మ అనే ఆవిడకు. పాతికేళ్ళు హోటల్లో వంటచేసిన మనిషి, కుడిచెయ్యి పడిపోయి ఏడాదైంది. కిటికీ పక్క మంచం మీద కూర్చోబెట్టి పైడి నల్లగుడ్డ తీసింది. పొద్దుటి ఎండ పడింది. తాయారమ్మ చెయ్యి మెల్లగా బిగిసి, సడలి, లేని ఆకును పట్టుకుని తీరిగ్గా ఒక దారిన పోయింది. ఆమె నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయింది. చెయ్యి ఆగింది. ఆగాక ఒకసారి, మళ్ళీ కాస్త తర్వాత ఇంకోసారి చిన్నగా కదిలింది.

పైడి గుడ్డ కప్పుతుంటే ఆవిడ ఆమె కొంగు పట్టుకుంది.

"సివర్ని ఎవలో తట్టినట్టుందమ్మా. ఎవలు?"

"మా అన్నియ్య," అంది పైడి. "నిన్ను ఎల్లిరమ్మంటున్నాడు."